సీటు సులువుగా దొరికే కాలేజీలో చేరబోయే మేనకోడలికి

చిన్నీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. కోరుకున్న చోట ఏఐ కోర్సులో సీటు రాలేదని, వచ్చిన ఒక్కదాని ఫీజు నాన్న వల్ల కాదని, మిగిలిన నాలుగూ "ఎవరికైనా సీటిచ్చేసే కాలేజీలు" అని రాశావు. ఆ చివరి మాటే నాకు నచ్చలేదు. సీటు కష్టంగా దొరికే కాలేజీ అంటే అక్కడ చేరేవాళ్ళు ముందునుంచే బాగా చదివేవాళ్ళని. లోపల పాఠం ఎలా చెబుతారన్నది అందులో ఎక్కడా లేదు.

దీనిమీద స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా విద్యార్థుల లెక్కలు తీసి 2002లో ప్రచురించారు. ఒకే స్థాయి కాలేజీల్లో సీటొచ్చినవాళ్ళలో కొందరు బాగా పోటీ ఉన్న చోట చేరారు, కొందరు అంత పోటీ లేని చోట చేరారు. వాళ్ళ తర్వాతి సంపాదన చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాకపోతే డబ్బు లేని ఇళ్ళ పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ వల్ల లాభం కనిపించింది. ఈ రెండో ముక్క నీ దగ్గర దాచడం నాకిష్టం లేదు. ఆ లాభం ఎక్కువగా పరిచయాల వల్లే అని నా అనుమానం. ఆ సంగతి కిందకి వస్తాను.

ముందు ఏఐ బోర్డు గురించి. ఇప్పుడు ప్రతి కాలేజీ కోర్సు పేరులో ఆ రెండక్షరాలు తగిలిస్తోంది. ఈ రంగంలో తలపండిన అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కూడా ఏఐ పేరుతో డిగ్రీ కోర్సు పెట్టింది 2018లోనే. 2024లో ఫిజిక్స్ నోబెల్ పంచుకున్న ఏఐ దిగ్గజం జెఫ్రీ హింటన్ డిగ్రీ చదివింది సైకాలజీ! పేరుదేముందిలే అని వదిలేద్దామంటే, చిన్న కాలేజీల్లో ఆ పేరు కోసం ఏం తీసేశారో చూడాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ ఎత్తేసి, ఆ జాగాలో ఈ ఏడాది మార్కెట్లో ఉన్న నాలుగు టూల్స్ పెడితే, నువ్వు చదువు పూర్తి చేసేసరికి ఆ టూల్సూ ఉండవు, ఈ పునాదీ ఉండదు. అలాంటి చోట మామూలు కంప్యూటర్ సైన్సే తీసుకో.

సిలబస్ తెరిచి రెండో ఏడాది, మూడో ఏడాది పేజీలు చూడు. మొదటి ఏడాది అన్ని కాలేజీల్లోనూ ఇంచుమించు ఒకలాగే ఉంటుంది. డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్, డేటాబేస్, పైన చెప్పిన రెండూ ఉన్నాయా? లెక్కల్లో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, కాల్క్యులస్ పూర్తి సబ్జెక్టులుగా ఉన్నాయా, లేక ఒకే పేపర్లో కుక్కేశారా? ఇప్పటి ఏఐకి గుండెకాయలాంటి న్యూరల్ నెట్‌వర్క్ మూత తీసి చూస్తే లోపల ఎక్కువగా ఉండేది మాత్రికల (మ్యాట్రిక్స్‌ల) గుణకారమే. తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి లెక్కగట్టి సరిదిద్దే, 1986లో అందరి దృష్టికీ వచ్చిన బ్యాక్‌ప్రాపగేషన్ అనే పద్ధతి కూడా నువ్వు కాల్క్యులస్‌లో చూసిన చైన్ రూలే. ఇవి గట్టిగా వచ్చినవాళ్ళకి కొత్తది ఏదొచ్చినా వారం రోజుల్లో అర్థమవుతుంది. ముప్పై ఏళ్ళుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను. పేరున్న కాలేజీ నుంచి వచ్చి చైన్ రూల్ దగ్గర నీళ్ళు నమిలినవాళ్ళని కూడా చూశాను.

దొరికితే పాత ప్రశ్నపత్రాలు కూడా చూడు. "నిర్వచించుము, వివరించుము" తప్ప ఇంకేమీ లేకపోతే అక్కడ కోడ్ రాయకుండానే పాసైపోవచ్చన్నమాట.

ల్యాబ్ చూడ్డానికి వెళ్తే, వాళ్ళు రమ్మన్న టైముకి వెళ్ళకు. సాయంత్రం క్లాసులయ్యాక వెళ్ళు. నేను చదివిన చోట కంప్యూటర్లకి ప్లాస్టిక్ కవర్లు తొడిగి ఉండేవి. తాళంచెవి ఒకే ఒక్కాయన దగ్గర, ఆయన సెలవు పెడితే ల్యాబ్‌కీ సెలవే. ఒక్కో మెషీన్ ముందు ముగ్గురం కూర్చునేవాళ్ళం, టైపు చేసేది ఒకడే. నా వేళ్ళు కీబోర్డు మీద సరిగ్గా పడింది రెండో సెమిస్టర్లో. అందుకని నువ్వు చూడాల్సింది మెషీన్ల సంఖ్య కాదు తల్లీ. కీబోర్డు మీద అక్షరాలు అరిగాయా? ఆ వేళప్పుడు ఎవరైనా కూర్చుని పని చేసుకుంటున్నారా? అలా ఎవరైనా కనబడితే "ఏం చేస్తున్నావక్కా, చూపిస్తావా?" అని అడుగు. తన ప్రాజెక్టులో ఏ లైను ఎందుకు రాసిందో చెప్పగలిగితే ఆ కాలేజీకి నా ఓటు.

"మా దగ్గర జీపీయూ ల్యాబ్ ఉంది" అని అదనంగా ఫీజు అడిగితే మాత్రం పడిపోకు. జీపీయూ అంటే గేమింగ్ కార్డుల్లో ఉండే, ఏఐ లెక్కలు వేగంగా చేసే చిప్పు. ఈ డీప్ లెర్నింగ్ హడావిడికి తెరతీసిన 2012 నాటి అలెక్స్‌నెట్ అనే, బొమ్మలు గుర్తుపట్టే ప్రోగ్రాంని రెండు గేమింగ్ కార్డుల మీద, ఒక్కోదానికి 3 జీబీ మెమరీతో, ఐదారు రోజుల్లో ట్రైన్ చేశారు. నేర్చుకునే దశలో నీకు అంతకన్నా ఎక్కువే గూగుల్ కోలాబ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

డబ్బు విషయంలో మొదటి ఏడాది ఫీజు చూసి సంబరపడొద్దు. కోర్సు మొత్తానికి హాస్టల్, పరీక్ష ఫీజులు, ఏటా పెరిగేది కలిపి ఒకే కాగితం మీద వెయ్యి. స్కాలర్‌షిప్ ఇస్తామంటే అది ఎన్నేళ్ళు, ఎన్ని మార్కులు తగ్గితే ఆపేస్తారో రాతపూర్వకంగా అడుగు. పెద్ద అప్పుతో బయటికొచ్చినవాళ్ళు ఈఎంఐ టెన్షన్‌తో మొదట దొరికిన ఉద్యోగంలో దూరిపోయి ఇరుక్కుపోవడం చాలాసార్లు చూశాను. అప్పు లేకపోతే ఆరు నెలలు ఆగి, నచ్చిన పని వెతుక్కోవచ్చు. చవక కాలేజీలో అసలు లాభం అదే.

ప్లేస్‌మెంట్ బ్రోచర్లో అత్యధిక జీతం ఒక్కడిది. నువ్వు అడగాల్సింది వరసలో మధ్యవాడికి ఎంతొచ్చిందని, మొత్తం ఎంతమందిలో ఎందరికి వచ్చిందని. దానికన్నా ముందు, చేరినవాళ్ళలో ఎంతమంది సకాలంలో పూర్తి చేశారో అడుగు. సీటు సులువుగా ఇచ్చే చోట చాలామంది మధ్యలో జారిపోతుంటే, వాళ్ళని పట్టించుకునేవాళ్ళు లేరని అర్థం. గుర్తింపు ఉందో లేదో కూడా చూసుకో. పై చదువులకి వేరే దేశం వెళ్ళే ఆలోచన ఉంటే, కంప్యూటింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపు కోసం 2008లో సియోల్ అకార్డ్ అని ఒక ఒప్పందం కుదిరింది. మీ కోర్సుకి అది వర్తిస్తుందేమో కనుక్కో.

ఇక పరిచయాల సంగతి. చిన్న కాలేజీలో నిజమైన కొరత పక్కన కూర్చునేవాళ్ళది. పాఠాలకి కొరతేం లేదు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ తన పాఠాలన్నీ ఉచితంగా పెడతానని 2001లోనే ప్రకటించింది, అక్కడ లెక్కలు చెప్పిన గిల్బర్ట్ స్ట్రాంగ్ లీనియర్ ఆల్జీబ్రా క్లాసులు అందులోనే ఉన్నాయి. 2011లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఆండ్రూ ఎంగ్ మెషీన్ లెర్నింగ్ కోర్సు ఆన్‌లైన్‌లో పెడితే లక్ష మందికి పైగా చేరారు, ఎక్కువమంది మధ్యలోనే వదిలేశారు. ఒంటరిగా కూర్చుని ఎన్నాళ్ళు చూస్తారు పాపం. అందుకని మొదటి నెలలోనే నీలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఇద్దరిని వెతుక్కో, వారానికో రోజు కలిసి కూర్చోండి. అలాగే చిన్న కాలేజీలో మంచి లెక్చరర్ గదికి డౌట్లతో వెళ్ళేవాళ్ళు తక్కువ. నాలుగుసార్లు వెళ్తే ఆయనకి నీ పేరు గుర్తుండిపోతుంది, రేపు సిఫార్సు లేఖ రాయాల్సొస్తే రాయడానికి ఆయన దగ్గర విషయం ఉంటుంది.

ఒక పని చెయ్యి. ఆ నాలుగు కాలేజీల్లోనూ ఏఐ చెప్పే ఒక్కో లెక్చరర్‌కి ఈ రాత్రే మెయిల్ పెట్టు, సిలబస్ గురించి ఒకటి, ల్యాబ్ గురించి ఒకటి, రెండే ప్రశ్నలు అడుగు. ఎవరు జవాబిచ్చారో, సిలబస్ ఫైళ్ళతో పాటు ఆదివారంలోగా నాకు పంపించు. నాన్నతో ఫీజుల లెక్క నేను మాట్లాడతాను.

– మామయ్య