ఆ కొట్టుకి మళ్లీ రావద్దన్నారు, ఇంట్లో ఏం చెప్పను?

ప్రశ్న: అక్కా, నాకు 33 ఏళ్లు. ఎంవీపీ కాలనీలో ఉంటాం. రెండు నెలల కిందట మా ఇంటికి రెండు వీధుల అవతలున్న సూపర్ మార్కెట్‌లో ఏలకుల ప్యాకెట్, ఒక లిప్‌స్టిక్ హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని, మిగతా సరుకులకి మాత్రం బిల్లు కట్టి వస్తుంటే గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆవిడ ఆపింది. వెనకాల బియ్యం బస్తాలు పెట్టే గదిలో కూర్చోబెట్టి, ఆ రెండూ చేతుల్లో పట్టుకోమని ఫోటో తీశారు. దొంగతనం చేశానని కాగితం రాయించుకున్నారు. రెండూ కలిపి 415 రూపాయలైతే పదింతలని చెప్పి 4,150 నా ఫోన్‌లోంచే వేయించుకున్నారు. ఇక మా బ్రాంచీల్లో ఎక్కడా కనబడొద్దు, కనబడితే పోలీసులకి పట్టిస్తాం అన్నారు. అప్పుడు నా పర్సులో 800 ఉన్నాయి, ఎందుకు తీశానో నాకే తెలీదు. నిజం చెప్పాలంటే అంతకుముందు కూడా రెండుసార్లు తీశాను, దొరకలేదు. ఇంట్లో ఎవరికీ తెలీదు. అత్తగారు చీటీ రాసిస్తే, అక్కడ సరుకు బాగోవట్లేదని చెప్పి పూర్ణా మార్కెట్ దాకా ఆటోలో వెళ్లొస్తున్నాను. ఈ నిషేధం జన్మంతా ఉంటుందా? మిగతా షాపులకి కూడా నా ఫోటో వెళ్లిపోయి ఉంటుందా? (పేరు వద్దు, విశాఖపట్నం)

జవాబు: ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తానమ్మా. రావద్దనే హక్కు వాళ్లకి ఉంది. కులం, మతం, ఆడ మగ, పుట్టిన ఊరు లాంటివి చూపించి ఎవర్నీ దుకాణంలోకి రావద్దనకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో ఉంది గానీ, మా సరుకు తీసింది కాబట్టి రావద్దు అనడం దాని కిందకి రాదు. ఎన్నాళ్లు అనేది కూడా వాళ్ల ఇష్టమే, చట్టంలో దీనికి గడువంటూ ఏం లేదు. పొరపాటున వెళ్తే గడప దాటగానే జైల్లో పెట్టేస్తారని కాదు, బయటికి వెళ్లమన్నాక కూడా అక్కడే నిలబడి గొడవపడితేనే అక్రమ ప్రవేశం అంటూ కొత్త తలనొప్పి మొదలవుతుంది. అందుకని వెళ్లకండి, అంతే.

ఆ వెనక గదిలో చేసింది మాత్రం వేరే సంగతి. పదింతలు జరిమానా అని గోడకి బోర్డు తగిలించుకున్నంత మాత్రాన కొట్టువాడు మేజిస్ట్రేట్ అయిపోడు! జరిమానా వేసేది కోర్టు. 415 రూపాయల వస్తువులకి 415 అడగొచ్చు, కేసు పెట్టుకోవచ్చు, అంతేగానీ పరువు తీస్తామని భయపెట్టి వేలు లాగితే అది బలవంతపు వసూలు అనే నేరం కిందకి రావచ్చు. డబ్బు ఫోన్‌లో వేశారు కాబట్టి దానికి రుజువు మీ దగ్గరే ఉంది, స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. మీరు రాసిచ్చిన కాగితాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఇష్టపడి రాసిందైతే రేపు సాక్ష్యంగా చూపిస్తారు, బెదిరించి రాయించుకుందైతే చెల్లదు. ఇవన్నీ తవ్వుకుని వాళ్లమీద ఫిర్యాదు ఇవ్వాలా అంటారా, నేనైతే ఇవ్వను, ఎందుకంటే తీసింది మీరే, ఆ మాట కూడా అక్కడ చెప్పాల్సి వస్తుంది. అయినా ఒకసారి లాయర్‌ని అడిగితే తప్పులేదు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100 కి ఫోన్ చేస్తే మన జిల్లాలో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

పోలీసుల టెన్షన్ కాస్త తగ్గించుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్ ప్రకారం, దొంగిలించిన సొత్తు విలువ 5,000 లోపు ఉండి, మొదటిసారి నేరం రుజువైన మనిషి ఆ సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్ష వేస్తారు. ఇంత చిన్న మొత్తానికి మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికి కూడా లేదు. అలాగని ఇంకోసారికి ఇది లైసెన్స్ అనుకునేరు.

ఇక ఫోటో సంగతి. ఒక కంపెనీ పెట్టిన నిషేధం పక్క కంపెనీకి అంటదు. వాళ్ల బ్రాంచి మేనేజర్ల వాట్సాప్ గ్రూపులో మీ ఫోటో తిరుగుతూ ఉండొచ్చు, అది వాళ్ల బ్రాంచీల వరకే. బయట అందరికీ పంపితే అప్పుడు పరువు నష్టం మాట ఎత్తొచ్చు. కాబట్టి పూర్ణా మార్కెట్ దాకా ఆటోకి పోసే డబ్బు మిగుల్చుకోండి, కూరలకి మీకు ఎంవీపీ రైతు బజారు ఉండనే ఉంది, పప్పూ ఉప్పూ వీధి చివర కిరాణా కొట్టులో దొరుకుతాయి.

నన్నడిగితే ఇందులో మీ అత్తగారికి చెప్పాల్సిందేమీ లేదు. చెబితే పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఇరవై ఏళ్లు వినాలి. మీ ఆయనకి మాత్రం చెప్పండి. రేపు ఆదివారం ఆయనే బండి తీసి, పద అందరం వెళ్దాం అని సరిగ్గా ఆ షాపు ముందే ఆపితే, ఆ సెక్యూరిటీ ఆవిడ నోటితో ఆయన వినడం కంటే మీ నోటితో వినడం నయం కదా. ఓ ఆరు నెలలు పోనిచ్చి, ఆ షాపు మళ్లీ కావాలనిపిస్తే, మీరు లోపలికి వెళ్లకుండా ఆయన్ని పంపి మేనేజర్‌తో మాట్లాడించండి. ఒప్పుకుంటే సరే, లేకపోతే లేదు.

మీ ఉత్తరంలో నన్ను పట్టిన మాట ఇంకొకటి ఉంది. పర్సులో 800 పెట్టుకుని తీశాను, ఎందుకో తెలీదు, ఇది మూడోసారి అన్నారు. అవసరం లేని వస్తువైనా చేతిలోకి తీసుకోకుండా ఆగలేకపోవడం, తీసే ముందు ఒళ్లంతా బిగుసుకుపోవడం, తీశాక హమ్మయ్య అనిపించి ఆ తర్వాత సిగ్గుతో చచ్చిపోవడం, ఇలా ఉంటే దాన్ని క్లెప్టోమేనియా అంటారు, వైద్యం ఉంది. మీది అదే అని నేను చెప్పలేను, నేను డాక్టర్ని కాను. మనసు సమస్యలకి ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, నంబరు 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడ ఎవరైనా చూస్తారేమో అని భయపడతారని తెలుసు, అందుకే ముందు ఫోన్ నంబరు ఇచ్చాను. ఈలోపు షాపుకి హ్యాండ్‌బ్యాగ్ తీసుకెళ్లకండి, చీటీ, డబ్బులు, చేతిలో ఒక గుడ్డసంచీ చాలు.

ప్రశ్న: మేడమ్, మాది గాజువాకలో కిరాణా షాపు. పదో తరగతి కుర్రాడు చాక్లెట్లు తీస్తూ కెమెరాలో దొరికాడు. ఆ ఫోటో షాపు అద్దానికి అంటించి వాణ్ణి రానివ్వకూడదనుకుంటున్నాను. చెయ్యొచ్చా? (ఒక వ్యాపారి)

జవాబు: రావద్దనండి, ఫోటో మాత్రం అంటించకండి. నేరంలో చిక్కుకున్న 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు పత్రికలూ టీవీలూ కూడా బయటపెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది, మీరు అద్దానికి అంటిస్తే వీధి వీధంతా చూస్తుంది. వాళ్లమ్మని పిలిచి, వేరే గిరాకీ లేనప్పుడు ఆ వీడియో చూపించి, చాక్లెట్ల డబ్బు తీసుకోండి. ఆ చాక్లెట్ సీసా కూడా కౌంటర్ మీంచి తీసి మీ వెనక అరలో పెట్టేయండి.