హస్కీకి అడ్వాన్సు ఇచ్చే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

కూకట్‌పల్లి ఫ్లాటులోకి సైబీరియన్ హస్కీ పిల్లను తెచ్చుకోవాలనుకుంటున్నారని కోడలు ఫోనులో చెప్పింది. నీవు పంపిన ఫోటో కూడా చూశాను. ఆ నీలికళ్లకు ఎవరైనా ముచ్చటపడతారు, కాదనను. అయితే అది మంచు నేల మీద బండి లాగుతూ మైళ్లకొద్దీ పరుగెత్తడానికి పెంచిన జాతి, పైగా దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. మే నెల ఎండల్లో, మీరిద్దరూ ఆఫీసులో ఉండే తొమ్మిది గంటలూ దానికోసం ఏసీ నడుపుతారా? నడిపినా, పరుగు కోసం పుట్టినదాన్ని నాలుగు గోడల మధ్య పెట్టాక అది సోఫా చించినా, ఊళలు వేసి పక్కింటివారిని లేపినా తప్పు దానిది కాదు.

జాతుల పేర్లు వెతకడం మాని, ముందుగా మీ ఇంటి రోజును ఒక కాగితం మీద రాసుకో. తెల్లవారుజామున లేచేది ఎవరు, వాన పడుతున్నా దాన్ని బయటికి తీసుకువెళ్లేది ఎవరు, సంక్రాంతికి మీరు ఊరికి వస్తే దాన్ని ఎవరికి అప్పగిస్తారు, ఇవన్నీ పేర్లతో సహా రాయి. "అందరం చూసుకుంటాం" అని రాశావంటే ఎవరూ చూడరని అర్థం. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు కనుక, పగలు మనిషి ఉండని మీ ఇంటికి ఏ జాతి పిల్లైనా సరిపడదని నా అభిప్రాయం.

లాబ్రడార్ చిన్నపిల్లలతో చక్కగా కలిసిపోతుంది, కానీ తిండిపోతు. రోజూ గంటసేపైనా తిప్పకపోతే ఒళ్లు చేస్తుంది, ఇల్లంతా వెంట్రుకలు రాలుస్తుంది. బీగిల్ చిన్నదేనని మోసపోవద్దు, వాసన పట్టి కుందేళ్లను తరిమే వేటకుక్క అది, దాని గొంతు మీ అపార్ట్‌మెంటు మొత్తానికి వినిపిస్తుంది. పగ్‌కు ముక్కు అణిగి ఉండటం వల్ల ఎండాకాలంలో ఊపిరి ఆడటమే కష్టం.

నన్నడిగితే, రెండేళ్లు నిండిన ఊరకుక్కను, దిక్కులేని కుక్కలను సాకే షెల్టరు నుంచి తెచ్చుకోండి. పొట్టి బొచ్చు, మన ఎండలకు అలవాటుపడిన ఒళ్లు, ఎంత పెరుగుతుందోనన్న అనుమానం ఉండదు, స్వభావం కూడా చాలావరకు కళ్లెదుటే తెలుస్తుంది. అయితే ఒక్క చూపులో తేల్చుకోకుండా, మనవరాలిని వెంటబెట్టుకుని రెండు మూడుసార్లు వెళ్లి, పాప కేకలు వేసినప్పుడు, కొత్త మనిషి దగ్గరికి వచ్చినప్పుడు అది ఎలా మసలుతుందో చూడండి. ఒంటరిగా వదిలితే ఏం చేస్తుందో అక్కడివారిని అడిగి తెలుసుకోండి. రేబిస్ టీకా కార్డు చూడకుండా మాత్రం ఇంటికి తేవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇరవై ఏళ్ల క్రితం చౌకగా వస్తోందని, తల్లిని చూపించమనైనా అడగకుండా, నెల నిండిన పిల్లను కొన్నాను. వారం తిరగకముందే పార్వో అనే వైరస్ జబ్బు సోకి, రక్తవిరేచనాలతో నా ఒడిలోనే పోయింది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు ఇప్పుడు చెబుతున్నాయి, అయినా కొనేవాడు అడిగితేనే కదా!

వచ్చే ఆదివారం నేనే హైదరాబాదు వస్తాను, షెల్టరుకు కలిసి వెళదాం. అప్పటివరకు ఆ హస్కీకి అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
మీ పెదనాన్న