కథలు రాయాలంటే ఇంటర్ మానాలా?

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. నాన్నకు కిరాణా కొట్టు ఉంది. చిట్టీ ఎత్తి నా ఫీజు కట్టాడు. ఇక్కడ పొద్దున ఐదున్నరకు లేపితే రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లే. టెన్త్ నుంచి కథలు రాస్తున్నాను. పోయిన ఎండాకాలం ఒకటి ఆదివారం అనుబంధంలో అచ్చయింది. ఈమధ్య నవల మొదలుపెడితే వార్డెన్ నోట్‌బుక్ చింపేసింది. జేఈఈ అంటే నాకు ఇష్టం లేదు, వస్తుందన్న ఆశా లేదు. ఇంటర్ మానేసి ఇంటికొచ్చి నవల రాసుకుంటానన్నాను. అప్పటి నుంచి నాన్న ఫోన్లో మాట్లాడటం లేదు. చదువు వద్దంటే సంబంధాలు చూస్తామని అమ్మ ఏడుస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: నీ ఉత్తరంలో మూడు కోరికలు ముడిపడి ఉన్నాయమ్మా. హాస్టల్లోంచి బయటపడాలి. జేఈఈ గొడవ వదిలించుకోవాలి. రాసుకోవడానికి పొద్దు దొరకాలి. మూడూ న్యాయమైనవే. ఈ మూడింటికీ ఇంటర్ మానడం ఒక్కటే దారి అనుకోవడం దగ్గరే పొరపడుతున్నావు. జేఈఈ వదిలెయ్యి. హాస్టల్ వదలగలిగితే వదులు. ఇంటర్ మాత్రం పూర్తి చెయ్యి.

ఎందుకో లెక్క చూద్దాం. ఇప్పుడు నవంబరు మొదటి వారం. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, ఆ వెంటనే థియరీ పరీక్షలు. అంటే నీకూ సర్టిఫికెట్‌కూ మధ్య ఉన్నది నాలుగైదు నెలలు. మీ కాలేజీ నీ మీద మోపిన బరువు ఇంటర్‌ది కాదు, ఎంట్రన్స్‌ది. భాషలు అటుంచితే, ఇంటర్ పాసవడానికి మ్యాథ్స్ 2ఏ, 2బీ పేపర్లలో 75కి 26 చొప్పున, ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో 60కి 21 చొప్పున, ప్రాక్టికల్స్‌లో 30కి 11 వస్తే చాలు. అత్తెసరు మార్కులతో గట్టెక్కమని కాదు, అరవై శాతం మీద గురిపెట్టుకో. పాత ప్రశ్నపత్రాలు ఐదేళ్లవి ముందేసుకుని చేస్తే, ఫస్టియర్ పాసైన పిల్లకు రోజుకు నాలుగైదు గంటలు సరిపోతాయి. పదిహేను గంటలు కూర్చోబెట్టడం ఐఐటీ ర్యాంకు కోసం. ఆ ర్యాంకు నీకు అక్కర్లేనప్పుడు మిగతా గంటలు ఎవరి కోసం?

ఇంకోటి కూడా అడగాలి. సెకండ్ లాంగ్వేజ్ నీకు సంస్కృతమే అయి ఉంటుంది కదా? మార్కులు బాగా పడతాయని ఇలాంటి కాలేజీలు చాలావరకు పిల్లలందరికీ అదే పెడతాయి. తెలుగు కథలు రాసే పిల్ల ఇంటర్లో తెలుగు పాఠమే చదవకపోవడం మన చదువుల తీరు. డిగ్రీలో ఆ లోటు తీర్చుకోవచ్చు.

ఆ డిగ్రీకి తలుపు ఇంటర్. రచనతో బతకగలిగే పనుల్లో చాలావాటికి డిగ్రీయే అర్హత. పత్రికల జర్నలిజం స్కూళ్లు, స్కూళ్లలో తెలుగు టీచరు పోస్టులు, పుణేలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్‌ప్లే కోర్సు, గ్రూప్స్ పరీక్షలు, అన్నీ డిగ్రీ అడుగుతాయి. ఎంపీసీ చదివావు కాబట్టి బీఏలో చేరకూడదన్న నియమం లేదు. తెలంగాణ డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో, తెలుగు ఒక సబ్జెక్టుగా ఉన్న బీఏ కోసం వెతుకు. కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయం కూడా చూడు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో తెలుగులో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. ఇంటర్ తర్వాత నేరుగా చేరేదే. ప్రవేశం సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా. జేఈఈ కోసం కట్టబోయే ఫీజు దానికి కట్టు. దరఖాస్తులు మీ పరీక్షలకు కాస్త ముందో, పరీక్షల సమయంలోనో వస్తాయి. ఆ హడావుడిలో గడువు దాటనివ్వకు.

ఇక డబ్బు. దీని గురించి ఎవరూ నీకు సూటిగా చెప్పి ఉండరు. ఒక ఆదివారం అనుబంధం వారానికి ఒక కథ వేస్తే ఏడాదికి 52. వాటి కోసం పోటీపడేవాళ్లలో ముప్పై ఏళ్లుగా రాస్తున్నవాళ్లూ ఉంటారు. కరోనా తర్వాత అచ్చులో మిగిలిన వారపత్రికలు, మాసపత్రికలు కొద్ది. పారితోషికం ఇచ్చేవి ఇంకా కొద్ది. ఏడాదికి నీవి ఆరు కథలు పడ్డాయనుకో, అది చాలా మంచి ఏడాది. అప్పుడు కూడా వచ్చేది నీ ఒక నెల హాస్టల్ ఖర్చుకు సరిపోతే గొప్ప. పోనీ సొంతంగా పుస్తకం వేద్దామంటే, 150 రూపాయల పుస్తకం మీద షాపువాళ్ల కమిషన్ 40 శాతం దాకా పోతుంది. చేతికొచ్చేది 90. కాపీ అచ్చుకు 80 అయితే మిగిలేది పది. అదీ 500 కాపీలూ అమ్ముడుపోతేనే. మొదటి పుస్తకం 500 కాపీలు అమ్ముడవడం తెలుగులో మామూలు విషయం కాదు.

అందుకే మన కథకుల్లో చాలామందికి ఇంకో పని ఉండేది. కాళీపట్నం రామారావు విశాఖలో 31 ఏళ్లు లెక్కల మాస్టారు. రావిశాస్త్రి వకీలు. కోర్టులో చూసిన బతుకులే ఆయన కథల్లోకి వచ్చాయి. చదువు లేకుండా రాసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. శారద అనే పేరుతో రాసిన నటరాజన్ తమిళుడు, తెనాలిలో హోటల్ సర్వరు. గొప్ప కథలు, నవలలు రాశాడు. మూర్ఛ రోగంతో, తిండికి వెతుక్కుంటూ, 1955లో ముప్పై దాటీ దాటకముందే పోయాడు. ఆయనకు చదువుకునే వీలు దొరకలేదు. నీకు దొరికింది. ఆ తేడా చిన్నది కాదు.

సాయం చేసే పథకాలు లేకపోలేదు. 35 ఏళ్లలోపు వాళ్లకు కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం ఉంది, 50 వేలు. కానీ అది అచ్చయిన పుస్తకానికి ఇచ్చేది, నవల రాసుకోవడానికి కాదు. 2021లో మొదలైన పీఎం యువ పథకంలో ఎంపికైతే నెలకు 50 వేల చొప్పున ఆరు నెలలు ఇస్తారు. అందులో మొదటి విడతకు 22 భారతీయ భాషలు, ఇంగ్లిష్ అన్నీ కలిపి తీసుకున్నది 75 మందిని, అదీ వాళ్లు ఇచ్చిన అంశం మీద రాసేవాళ్లను. మళ్లీ విడత ప్రకటిస్తే దరఖాస్తు పెట్టు, తప్పు లేదు. దాన్ని నమ్ముకుని ఇంటర్ మాత్రం మానకు.

అమ్మ అన్న మాట కూడా తేలిగ్గా తీసుకోవద్దు. మగపిల్లవాడు చదువు మానితే కొట్లో కూర్చోబెడతారు. ఆడపిల్ల మానితే సంబంధాలు చూస్తారు. ఇంట్లో ఉంటే రాసుకోవచ్చనుకుంటున్నావు గానీ, ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడపిల్లకు ఖాళీ ఎక్కడ? వంట, నీళ్లు, కొట్లో సరుకు కట్టడం, వచ్చినవాళ్లకు టీ. రెండు నెలల్లో నువ్వు తిరిగి హాస్టలే నయమనుకునే స్థితి రావచ్చు. చదువుకుంటున్నాననే మాట నీకు నాలుగైదేళ్ల సమయం సంపాదించిపెడుతుంది. నీ నవలకు ఇప్పుడు కావాల్సింది ఆ సమయమే.

ఇక హాస్టల్ సంగతి. అదే కాలేజీలో పేరు ఉంచి డే స్కాలర్‌గా మారడానికి వీలుందా, నగరంలో ఉండటానికి మేనమామో పిన్నో ఎవరైనా ఉన్నారా చూడండి. లేదంటే అదే యాజమాన్యం కింద నిజామాబాద్‌లో కాలేజీ ఉందేమో అడగండి. ఏడాది మధ్యలో ఇంకో కాలేజీకి మారడం మాత్రం చిక్కుల పని. ఇలాంటప్పుడు పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చి కూర్చోవడం. అప్పుడు రెండు విధాల దెబ్బ తగులుతుంది. హాజరు 75 శాతం లేకపోతే కొంతవరకు జరిమానాతో సర్దుబాటు ఉంటుంది గానీ, మరీ పడిపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. రెండోది పరీక్ష ఫీజు. అది కాలేజీ ద్వారానే బోర్డుకు వెళ్లాలి, గడువు ఈ నెలల్లోనే ఉంటుంది. నాన్న స్వయంగా వెళ్లి కట్టి రసీదు తీసుకోవాలి. ట్యూషన్ ఫీజు బాకీ ఉందని హాల్ టికెట్ ఆపుతామని బెదిరిస్తే భయపడకండి. బోర్డు వెబ్‌సైట్ నుంచి నేరుగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఏదీ కుదరక హాస్టల్లోనే ఉండాల్సి వస్తే, ఎంట్రన్స్ బ్యాచ్ నుంచి తప్పించి ఇంటర్ బ్యాచ్‌లో వేయమని నాన్న చేత రాతపూర్వకంగా అడిగించు. నువ్వడిగితే కౌన్సెలింగ్ ఇచ్చి పంపుతారు. తండ్రి కాగితం మీద అడిగితే వింటారు.

ఒక మాట తప్పకుండా అడగాలి. నీకు నిద్ర పడుతోందా? అన్నం తింటున్నావా? బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా? వస్తుంటే పైన రాసిన లెక్కలన్నీ పక్కన పెట్టు. ఆ రోజే ఇంట్లో చెప్పు, ఆ రోజే ఇంటికి వెళ్లు. 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఇంటర్ ఒక ఏడాది ఆలస్యమైతే కొంప మునగదు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ ఉంది. జాతీయ ఓపెన్ స్కూల్లో చేరితే ఐదు సబ్జెక్టులు, అందులో ఒకటి భాష. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది సార్లు పరీక్ష రాసే అవకాశం. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది. సైన్స్ వద్దనుకుంటే ఆర్ట్స్ గ్రూపును హాజరు మినహాయింపుతో ప్రైవేటుగా రాసే వీలు ఇంటర్ బోర్డులోనూ ఉంది. ఇవి చెడ్డ దారులు కావు. చేతిలో నాలుగు నెలల దగ్గరి దారి ఉండగా, ఆరోగ్యం బాగుండగా, వీటిని మొదట ఎంచుకోవద్దంటున్నాను, అంతే.

నవల ఏం చేయాలి? ఈ నాలుగు నెలలు నవల రాయొద్దు. నవలకు రోజూ అదే లోకంలోకి వెళ్లిరావాలి, బెల్లు కొడుతుంటే అది కుదరదు. చిన్న పాకెట్ బుక్ పెట్టుకుని రోజుకు పది నిమిషాలు, విన్న మాట, చూసిన మనిషి, హాస్టల్ మెస్సులో గొడవ, రాసి పెట్టు. చింపేసిన నోట్‌బుక్‌లో ఏముందో గుర్తున్నంత వరకు ఒక పేజీలో సారాంశం రాయి. గుర్తుండిపోయిన ఘట్టాలు నవలలో ఉండాల్సినవి, మరిచిపోయినవి పోయినా పరవాలేదు.

పరీక్షలయ్యాక డిగ్రీ క్లాసులు మొదలయ్యేలోపు మూడు నెలలు దొరుకుతాయి. నువ్వు కోరుకున్న బతుకును అప్పుడు పరీక్షించి చూసుకో. రోజుకు 500 పదాలు, వారానికి ఆరు రోజులు. 13 వారాలకు 39 వేల పదాలు, చిన్న నవల చిత్తుప్రతి. పొద్దున ఐదు నుంచి ఎనిమిది నావి, ఆ తర్వాత ఏ పని చెప్పినా చేస్తానని అమ్మతో ముందే ఒప్పందం చేసుకో. మొదటి రెండు వారాలు పరుగెడుతుంది. మూడో వారంలో ఆగిపోతుంది, ఎందుకంటే నవల తర్వాత ఎటు వెళ్లాలో నీకే తెలియదు. అది ప్రతిభ లేకపోవడం కాదు, ప్లాన్ లేకపోవడం. అక్కడ ఆగి మిగతా అధ్యాయాలకు తలా రెండు వాక్యాలు రాసుకుని కదులు. జూన్ వచ్చేసరికి ఎన్ని పేజీలున్నాయో చూస్తే, ఈ పని నీకెంత కావాలో నీకే తెలుస్తుంది.

కథలు పంపేటప్పుడు యూనికోడ్‌లో టైపు చేసి, సొంత రచన అని, ఎక్కడా ప్రచురణ కాలేదని, పరిశీలనలో లేదని హామీపత్రం జతచెయ్యి. ఒకే కథ రెండు పత్రికలకు ఒకేసారి పంపితే, రెండుచోట్లా పడిన రోజు నీ పేరు చెడుతుంది. ఫోన్ యాప్‌లవాళ్లో సినిమావాళ్లో ఒప్పందం మీద సంతకం పెట్టమంటే, 18 నిండేదాకా నీ సంతకం చట్టం ముందు చెల్లదని గుర్తుంచుకో. నిండాక కూడా ఏ హక్కులు, ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి, ఎంత డబ్బుకు అని రాసి లేని కాగితం ముట్టుకోకు.

నాన్నతో మాట్లాడటం మిగిలింది. హాస్టల్ ఫోన్లో, వెనకాల పదిమంది వరసలో నిలబడి ఉండగా ఈ మాట తెమలదు. ఉత్తరం రాయి. ఒక్క పేజీ చాలు. మొదటి వాక్యంలోనే ఇంటర్ మానడం లేదని రాయి, లేకపోతే మిగతాది చదవరు. తర్వాత చిట్టీ డబ్బు సంగతి నీకు తెలుసని, జేఈఈ రాయనని, దాని బదులు సీయూఈటీ రాస్తానని, బీఏ తర్వాత ఏయే ఉద్యోగాలకు అర్హత వస్తుందో రాయి. అచ్చయిన కథ కత్తిరింపు జతచెయ్యి. దాన్ని ఆయన చదివారో లేదో నీ ఉత్తరంలో లేదు.

ఈ జవాబు ఆయనకు చూపిస్తే ఈ నాలుగు ముక్కలు ఆయనకు: అయ్యా, మీ కోపం ఫీజు పోతుందనే భయంలోంచి వచ్చిందని అర్థమవుతోంది. ఇంటర్ పూర్తయితే ఆ ఫీజు వృథా కాదు. మీ అమ్మాయి చెడు సావాసాలు పట్టలేదు, రాత్రి పూట దొంగచాటుగా కథలు రాసింది. సంబంధాల మాట ఇంట్లో మళ్లీ ఎత్తకండి, 18 నిండకుండా పెళ్లి చేయడం నేరం కూడా. ఈ వారం కాలేజీకి వెళ్లి పరీక్ష ఫీజు రసీదు తీసుకోండి. వస్తూ వస్తూ ఆమెకో నోట్‌బుక్ కొనివ్వండి. వార్డెన్‌తో, అది నేనే ఇచ్చానని చెప్పండి.