పోకీ (నోట్లు వేసి ఆడే జూదపు) యంత్రాల్లో మనీలాండరింగ్: దానిపై ప్రభుత్వ పత్రాలను చట్టసభ అడిగి తెప్పించుకోగలదా?

తెప్పించుకోగలదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ఎగువసభ తన 52వ స్థాయీ నియమం (సభ నిర్వహణకు సభే పెట్టుకున్న శాశ్వత నియమం) కింద తీర్మానిస్తే, ప్రభుత్వం తన వద్దనున్న పత్రాలను సభకు అందజేయాలి. సమాచారం అందని సభ ప్రభుత్వాన్ని ప్రశ్నించలేదు కనుకనే, 1998లో ఎగన్ కేసులో హైకోర్టు (అక్కడ దేశ అత్యున్నత న్యాయస్థానం పేరే అది) ఈ అధికారాన్ని సమర్థించింది. ఉదాహరణకు, క్లబ్బులోని యంత్రంలో నోట్లు వరుసగా పెట్టి, నామమాత్రంగా ఆడి, మిగిలిన మొత్తానికి టికెట్ తీసుకుని నగదుగా మార్చుకునే పద్ధతిపై ఒక శాఖ రాసిన నివేదికను సభ కోరవచ్చు.

గోప్యమని ముద్ర వేస్తే సభ్యులకు సైతం చూపనక్కర్లేదన్నది చాలామంది అపోహ. అటువంటి పత్రాలను సభ్యులు చదవవచ్చు, బయటపెట్టడానికే వీల్లేదు; ఆ ముద్ర సబబు కాదని ఎవరైనా సభ్యులు అభ్యంతరం చెబితే స్వతంత్ర న్యాయనిపుణుడు పరిశీలించి సభకు నివేదిస్తారు. మంత్రివర్గ చర్చల పత్రాలకు మాత్రం 1999 నాటి మరో తీర్పు మినహాయింపునిచ్చింది.