పాప జుట్టు తడిమీద కత్తిరిస్తే, ఆరాక ఒక పక్క పొట్టిగా కనిపిస్తోందని అడిగారు కదా?

కత్తెర తప్పు కాదండి, తడిలో తేడా. తలంటు పోసి, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, కుడిపక్క ముందు కత్తిరించానన్నారు. ఎడమపక్కకి వచ్చేసరికి జుట్టు సగం ఆరిపోయి ఉంటుంది. తడి వెంట్రుక సాగుతుంది, ఆరాక పైకి లేస్తుంది. అందుకే కుడిపక్క పొట్టిగా కనిపిస్తోంది. ఉంగరాల జుట్టయితే ఇంకా ఎక్కువ.

1. ఇవాళ మళ్లీ కత్తెర పెట్టకండి. నూనె జిడ్డు లేకుండా కడిగి పూర్తిగా ఆరనివ్వండి. మన కోనసీమ వానాకాలంలో పైన పొడిగా ఉన్నా మెడ దగ్గర తడి మిగిలిపోతుంది. కుదుళ్లలో వేళ్లు పెట్టండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు.

2. పొడి జుట్టు మీదే ఎడమపక్కను కుడిపక్కకి సరిపెట్టండి.

3. చాలామంది మరిచిపోయేది ఇక్కడే: పాయను లాగి పట్టి కత్తిరించకూడదు. లాగితే పొడి జుట్టు కూడా సాగుతుంది. దువ్వి వదిలేయండి. అది తనంతట తాను ఎక్కడ ఆగిందో చూసి, కత్తెర నిలువుగా పట్టి చివర్లు కొద్దికొద్దిగా తీయండి. రెండు చెవి తమ్మెల నుంచి కొలుచుకోండి.

మళ్లీసారి తడిమీద కత్తిరిస్తే ఫ్యాన్ ఆపి, నీళ్ల స్ప్రే దగ్గర పెట్టుకుని, అర అంగుళం ఎక్కువే వదలండి. నుదుటి మీద జుట్టు మాత్రం పొడిగానే. మా అమ్మాయికి తడిమీద కనుబొమల దాకా కత్తిరిస్తే, ఆరేసరికి నుదుటి మధ్యకి వెళ్లిపోయింది. పిల్ల చాలా ఏడ్చింది.