చెబితే చేయడం వేరు, బాధ్యత మోయడం వేరు

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. బాబుకి తొమ్మిదో నెల నడుస్తోంది. ప్రసూతి సెలవు ముగిసి ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రాత్రి పదకొండు దాటితే గానీ నడుం వాల్చలేకపోతున్నాను. మళ్లీ ఐదింటికే లేవాలి. మెట్లెక్కితే ఆయాసం, చిన్న మాటకే కన్నీళ్లు. మావారు మంచివారు, ఏ పని చెబితే అది చేస్తారు. అయినా నెగ్గుకురాలేకపోతున్నాను. ఉద్యోగం మానేయమంటారా?
– ఒక సోదరి, కూకట్‌పల్లి

జవాబు: ఉద్యోగం మాట కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు మీ ఒంటి సంగతి చూసుకోండమ్మా. ఆయాసం, నిస్సత్తువ వెనుక రక్తహీనత ఉండవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా దానితో బాధపడుతున్నవారే. ప్రసవం తర్వాత తొలి ఏడాదిలో థైరాయిడ్ తేడా చేయడం, మనసు కుంగిపోవడం కూడా ఉంటాయి. అందుకని హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని, ఆ కన్నీళ్ల సంగతీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. మనసు మరీ భారమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్‌కు (14416) ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

‘ఏ పని చెబితే అది చేస్తారు’ అన్న మీ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 2024 కాలవినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. అయితే పాలు ఎప్పుడు తేవాలో, రేపు ఏం వండాలో గుర్తుపెట్టుకుని మరొకరికి చెప్పే శ్రమ నిమిషాల లెక్కకు సులువుగా అందేది కాదు. మీవారికి పని చెప్పడం మాని, పనినే పూర్తిగా అప్పగించండి. తొమ్మిది నెలలు నిండగానే బాబుకి వేయించాల్సిన మీజిల్స్–రూబెల్లా టీకాతోనే మొదలుపెట్టండి: తేదీ చూడటం, ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఆ రాత్రి జ్వరం వస్తే మేలుకోవడం అన్నీ ఆయనవే. మొదట్లో పొరపాట్లు జరుగుతాయి. మీరూ అలాగే నేర్చుకున్నారు కదా.

కార్యాలయంలో అడగవలసినవీ ఉన్నాయి. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలిచ్చే తల్లికి రోజుకు రెండు అదనపు విరామాలు చట్టం ఇచ్చిన హక్కు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశుసంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. ఈ రెండింటినీ హెచ్‌ఆర్ విభాగానికి ఈమెయిల్‌లో, రాతపూర్వకంగా అడగండి.

పరీక్షకు వెళ్లే రోజు బాబును ఆయనకు అప్పగించి, ఏ వేళకు ఏం పెట్టాలో చీటీ రాయకుండా వెళ్లిరండి.