ఎండాకాలంలో ఉత్తి నీళ్ళు తాగితే చాలదా?

రక్తంలో సోడియం (ఉప్పులో ఉండే ఖనిజం) తగ్గితే మనిషి ఎందుకు తికమకపడతాడని, నీళ్ళు బాగా తాగితే సరిపోదా అని అడిగారు. సరిపోదు. మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్ ఎండల్లో బతికే పెద్దవారికి, అందునా బీపీ మాత్రలు వాడేవారికి, ఉత్తి నీళ్ళే ముప్పు తెస్తాయని నా గట్టి నమ్మకం.

మా మేనమామ కరీంనగర్ వైపు నుంచి వలస వచ్చి, ఇక్కడి బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. ఉప్పును మూత్రంలో బయటికి పంపే రకం బీపీ మాత్ర ఆయన రోజూ వేసుకునేవారు. అది చాలదన్నట్టు కూరల్లో ఉప్పు మానేసి, వడదెబ్బ భయంతో చెంబుల కొద్దీ నీళ్ళు తాగేవారు. ఒక మే నెలలో మొదట పిక్కలు పట్టేశాయి, తరువాత వికారం మొదలైంది, ఆ మరునాడు ఆయన మా అత్తను గనిలోని మైనింగ్ సర్దారు అనుకొని, తన క్యాప్ ల్యాంపు (గనిలో తలకు పెట్టుకునే దీపం) ఇంకా ఎందుకు ఇవ్వలేదని మరాఠీలో నిలదీశారు. చూడవచ్చినవారిలో ఒకరు పక్షవాతమన్నారు, మరొకరు గాలి సోకిందన్నారు. ఇంకా నీళ్ళు పట్టించమనడంలో మాత్రం అందరిదీ ఒకే మాట.

చంద్రపూర్ తీసుకువెళ్ళి రక్తపరీక్ష చేయిస్తే సోడియం లీటరుకు 116 మిల్లీమోళ్ళని తేలింది. ఉండవలసింది 135 నుంచి 145. సోడియం ప్రధానంగా కణాల వెలుపలి ద్రవంలో ఉంటుంది. ఆ ద్రవం పలచబడినప్పుడు నీరు గాఢత ఎక్కువగా ఉన్న వైపుకు, అంటే కణాల లోపలికి చేరి, వాటిని ఉబ్బిస్తుంది. కండరం ఉబ్బితే చోటుంటుంది. పుర్రె సాగదు కనుక మెదడుకు ఆ వెసులుబాటు లేదు. తలనొప్పి, వికారం, తికమక, ముదిరితే మూర్ఛ, ఇవన్నీ ఆ ఒత్తిడి వల్లనే వస్తాయి. అదే మాత్ర పొటాషియాన్ని కూడా లాగేసింది. పొటాషియం ఎక్కువగా కణాల లోపల ఉండి నరాల, కండరాల విద్యుత్తును నిలుపుతుంది కాబట్టి, అది రక్తంలో బాగా తగ్గితే కాళ్ళు నీరసపడతాయి, గుండె లయ తప్పవచ్చు.

సెలైన్ ఇంత మెల్లగా ఎందుకు ఎక్కిస్తున్నారని మా వాళ్ళు గొడవపడ్డారు. ఉబ్బును తట్టుకోవడానికి మెదడు కణాలు అప్పటికే తమ లోపలి లవణాలను కొంత బయటికి వదిలివేసి ఉంటాయట. సోడియాన్ని ఒక్కసారిగా పెంచితే ఇప్పుడు నీరు ఎదురు దిశలో లాగబడి, నరాల పైపొర దెబ్బతిని, మనిషి మాటా నడకా కోల్పోయే ప్రమాదం ఉందట. అందుకే రోజుకు లీటరుకు 8 మిల్లీమోళ్ళకు మించకుండా పెంచుతూ వచ్చారు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. చెమట కార్చి ఉత్తి నీళ్ళు తాగిన బొగ్గు గని కార్మికులకు కండరాలు పట్టేస్తాయని, నీళ్ళలో ఉప్పు కలిపితే ఆ బాధ తగ్గుతుందని బ్రిటన్‌లో నెవిల్ మాస్ అనే పరిశోధకుడు 1923లోనే రాశారు. అయినా మన దుకాణాల్లో ఓఆర్‌ఎస్ (నీళ్ళలో కలిపే ఉప్పు, గ్లూకోజు పొడి) అడిగితే పళ్ళ రుచి గల తీపి పానీయం డబ్బా చేతిలో పెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు ఉండాలి. ప్యాకెట్టు మీద ఆ అంకెలు చూసి కొనండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికైతే అది కూడా డాక్టరును అడిగాకే ఇవ్వాలి.